శ్రీకాకుళం, విజయనగరం కొండల పురుగులు: ఎండెమిక్ ప్రాంతాలు గుర్తించడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఎక్సెల్ షీటు నిండా రికార్డులున్నాయి. ఒక వరసలో జాతి పేరు, పక్కన అక్షాంశం, రేఖాంశం, తేదీ. సీతంపేట ఘాట్‌లో తీసిన సీతాకోకచిలుకల ఫొటోలు కొన్ని, మందస దగ్గర దొరికిన పేడపురుగులు కొన్ని, ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కే దారిలో రాత్రి దీపానికి వచ్చిన పురుగులు కొన్ని. ఇప్పుడు గైడ్ అడుగుతున్నారు: "వీటిలోంచి ఎండెమిక్ ప్రాంతాలు తీసి మ్యాపు మీద చూపించు." వెతికితే ఒకరు పీఏఈ అంటారు, ఒకరు ఎన్‌డీఎం అంటారు, ఇంకొకరు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్ల కోడ్ చాలంటారు. అసలు టెన్షన్ ఏమిటంటే, ఒకే షీటును ఇన్ని పద్ధతుల్లో పెడితే ఇన్ని రకాల మ్యాపులు వస్తాయి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఒక చోటుకే పరిమితమైన జాతి ఎండెమిక్ జాతి. అలాంటి జాతి ఒకటి కనిపించినంత మాత్రాన ఆ చోటు ఎండెమిక్ ప్రాంతం అయిపోదు. సాలీళ్ల శాస్త్రవేత్త నార్మన్ ప్లాట్నిక్ 1991లో చెప్పిన నిర్వచనమే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు: రెండు లేదా అంతకంటే ఎక్కువ జాతుల వ్యాప్తి హద్దులు దాదాపుగా కలిసే చోటే ఎండెమిక్ ప్రాంతం. ఈ "దాదాపుగా" అన్న మాటను ఎలా కొలవాలన్న దగ్గరే పద్ధతులన్నీ విడిపోతాయి.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, మీ రికార్డుల పరిస్థితి. ఉష్ణమండల కీటకాల సర్వేల్లో ఒక్కసారే, ఒక్కటే దొరికిన జాతులు చాలా ఎక్కువ. 2009లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఉష్ణమండలపు కీటకాలు, సాలీళ్ల సర్వేల్లో ఇలాంటి జాతులు సగటున 32 శాతం. ఆ జాతులు నిజంగా అంత అరుదు కావడం కంటే, సరిపడా వెతక్కపోవడమే దీనికి ముఖ్య కారణమని ఆ సమీక్ష వాదించింది. అంటే మీ షీటులో "ఇక్కడే దొరికింది" అన్న చాలా జాతులకు అర్థం "ఇక్కడే చూశాం" అని మాత్రమే.

ఎంత లోటు ఉందో అంచనా వేయడానికి గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో సూత్రం చాలా తేలిక. ఒక్కసారే దొరికిన జాతుల సంఖ్యను వర్గం చేసి, రెండుసార్లు దొరికిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించండి. ఉదాహరణకు ఒక్కసారి దొరికినవి 20, రెండుసార్లు దొరికినవి 10 అనుకుంటే, 400ను 20తో భాగిస్తే 20 వస్తుంది. కనీసం ఇంకో 20 జాతులు మీ కంట పడకుండా అక్కడే ఉన్నాయని అర్థం. ఈ లెక్క చేయకుండా ఏ పద్ధతీ మొదలుపెట్టొద్దు.

రెండోది, లేకపోవడాన్ని ఆ పద్ధతి ఎలా చదువుతుంది అన్నది. చాలా పద్ధతులు మ్యాపును గడులుగా కోసి, ప్రతి గడిలో జాతి దొరికితే 1, దొరక్కపోతే 0 వేస్తాయి. గడిలో సున్నా ఉంటే "ఆ పురుగు అక్కడ లేదు" అని ఖాయం చేసుకుంటుందా, లేక "ఉండొచ్చు, చూడలేదేమో" అనడానికి చోటిస్తుందా?

మూడోది, ఒకదాని మీదికి ఒకటి వచ్చే ప్రాంతాలను ఒప్పుకుంటుందా అన్నది. తూర్పు కనుమలు పశ్చిమ కనుమల్లా ఒకే గోడగా ఉండవు, తెగి తెగి ఉంటాయి. మన రెండు జిల్లాల వైపు నాగావళి, వంశధార లోయలు, మధ్యలో వరి పొలాలు, జీడి తోటలు. ఒక కొండ వరసను ఉత్తరాన ఒక జాతుల గుంపు, దక్షిణాన ఇంకో గుంపు పంచుకోవడం ఇక్కడ సహజం.

నాలుగోది, మీ ప్రశ్న ఏమిటన్నది. చరిత్ర తెలుసుకోవాలా, ఏ కొండను ముందు కాపాడాలో చెప్పాలా? రెండింటికీ ఒకే పద్ధతి సరిపోదు.

సాఫ్ట్‌వేర్ ధర సంగతి నేను పెద్దగా పట్టించుకోను. కింద చెప్పేవాటిలో దాదాపు అన్నీ ఉచితమే.

## పీఏఈ: అందరికీ తెలిసిన పాత దారి

పార్సిమనీ అనాలిసిస్ ఆఫ్ ఎండెమిసిటీని బ్రయాన్ రోజెన్ 1980ల్లో ప్రతిపాదించారు. గడులు గీసి దీన్ని వాడే విధానాన్ని హువాన్ హోసే మొర్రోనే 1994లో స్థిరపరిచారు. మ్యాపు మీద గడులు గీస్తారు, ప్రతి గడిలో ప్రతి జాతికి ఉంటే 1, లేకపోతే 0 వేస్తారు. వంశవృక్షాలు గీసే సాఫ్ట్‌వేర్‌కు ఈ పట్టిక ఇస్తారు. జాతులు లక్షణాల స్థానంలో, గడులు జీవుల స్థానంలో ఉంటాయి. చెట్టుకు మొదలుగా (రూట్) అన్నీ సున్నాలున్న ఒక ఊహాగడిని పెడతారు. చెట్టులో ఒకే కొమ్మ మీద కలిసి వచ్చిన గడులకు కనీసం రెండు జాతుల మద్దతు ఉంటే, అది ఒక ఎండెమిక్ ప్రాంతం.

లాభం ఏమిటంటే వైవాలో వివరించడం తేలిక, పాత పరిశోధనలతో పోల్చుకోవడం తేలిక. ఇలాంటి చెట్లు గీసే టీఎన్‌టీ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది, పట్టిక చిన్నదైతే నిమిషాల్లో పని అయిపోతుంది.

నష్టం మన కొండల దగ్గరే బయటపడుతుంది. కొన్ని జాతులు మహేంద్రగిరి నుంచి పాలకొండ కొండల దాకా, ఇంకొన్ని పాలకొండ కొండల నుంచి సాలూరు దాకా ఉన్నాయని ఊహించండి. పాలకొండ గడి రెండు గుంపులకూ చెందుతుంది. కానీ చెట్టులో ఒక గడి ఒక కొమ్మ మీదే కూర్చోగలదు. పీఏఈ ఏదో ఒక గుంపును బలి ఇస్తుంది, లేదా కొమ్మలన్నీ విడిపోయి దువ్వెనలా తయారవుతాయి. మద్దతిచ్చిన జాతులను తీసేసి మళ్లీ మళ్లీ నడిపే సవరణ ఒకటుంది, అది కొంత ఆదుకుంటుంది. ఇంకో చిక్కు, ఏ గడి దేని పక్కన ఉందో పీఏఈకి తెలియదు. ఒకటి ఇచ్ఛాపురం దగ్గర, ఇంకోటి ఎస్.కోట దగ్గర ఉన్న గడులను కలిపేసి ఒకే ప్రాంతం అనగలదు. పైగా సున్నాలను నమ్ముతుంది. వెతకని గడులు "జాతులు లేని గడులు"గా చెట్టు అడుగున పోగుపడతాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రికార్డులు సమంగా, దట్టంగా ఉంటే తప్ప కీటకాలకు పీఏఈని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పోలిక కోసం రెండో పద్ధతిగా పెట్టుకోండి, చాలు.

## ఎన్‌డీఎం: ఎండెమిసిటీనే నేరుగా కొలిచేది

క్లాడియా షుమిక్, పాబ్లో గోలోబోఫ్, వారి సహచరులు 2002లో మొదలుపెట్టి 2004లో మెరుగుపరిచిన పద్ధతి ఇది. ఎన్‌డీఎం, దాని ఫలితాలు చూపించే వీఎన్‌డీఎం అనే ఉచిత ప్రోగ్రాములు నడుపుతాయి. ఇక్కడ చెట్టు లేదు. ప్రోగ్రాము కొన్ని గడుల గుంపును తీసుకుని ప్రతి జాతినీ అడుగుతుంది: ఈ గడులన్నిటిలో ఉన్నావా, బయట లేవా? రెండింటికీ జవాబు పూర్తిగా అవునైతే 1 మార్కు. లోపల కొన్ని గడుల్లో లేకపోయినా, బయట కనిపించినా మార్కు తగ్గుతుంది. జాతుల మార్కులు కూడితే ఆ ప్రాంతం మార్కు. 0.9, 0.7, 0.5 తెచ్చుకున్న మూడు జాతులుంటే 2.1. ఒక గడి చేర్చి, ఒకటి తీసి, మార్కు పెరిగేలా వెతుకుతూ పోతుంది. సాధారణంగా 2కు తక్కువ వచ్చిన ప్రాంతాలను వదిలేస్తారు.

ఇందులో నాకు నచ్చినవి రెండు. పాలకొండ గడి రెండు ప్రాంతాల్లోనూ ఉండొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. అలాగే మహేంద్రగిరి ఒక చిన్న ప్రాంతంగా, గోదావరికి ఉత్తరాన ఉన్న కొండలన్నీ ఒక పెద్ద ప్రాంతంగా ఒకేసారి బయటపడొచ్చు. రెండోది, చుట్టూ రికార్డులుండి మధ్యలో ఖాళీగా ఉన్న గడిలో ఆ జాతి ఉండొచ్చని ఊహించుకునే ఆప్షన్ ఉంది. ఎంత దూరం దాకా అలా నింపాలో మీరే చెప్పాలి. అక్కడే జాగ్రత్త కావాలి. పెద్ద దూరం ఇచ్చారంటే కొండ పురుగును వరి పొలాల్లోకి కూడా తోసేస్తుంది.

కీటకాల మీద దీనికి మంచి చరిత్ర ఉంది. ఉత్తర అర్జెంటీనాలో మొక్కలు, క్షీరదాలు, పక్షులు, సరీసృపాలు, ఉభయచరాలు, కీటకాలు కలిపి 805 జాతులతో చేసిన పని 2012లో వచ్చింది. దొరికిన ప్రాంతాల్లో దాదాపు సగానికి మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రధాన వర్గాల మద్దతు ఉంది. అంటే పురుగుల హద్దు, మొక్కల హద్దు, కప్పల హద్దు చాలాచోట్ల కలుస్తున్నాయి. మన దగ్గర కీటకాల రికార్డులు పలచగా ఉన్నప్పుడు ఇది పనికొచ్చే విషయం, ఎందుకంటే ఇదే కొండల మొక్కల, కప్పల రికార్డులను కలుపుకుంటే ప్రాంతం బలపడుతుంది.

చికాకు పెట్టేవీ ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ పాతకాలపుది, ఇన్‌పుట్ టెక్స్ట్ ఫైలులో ఒక కామా తప్పినా మొరాయిస్తుంది. దాదాపు ఒకేలాంటి ప్రాంతాలు పదుల కొద్దీ ఇస్తుంది, వాటిని కలిపి కన్సెన్సస్ (ఉమ్మడి ప్రాంతం) తీయాలి, ఎంత శాతం పోలిక ఉంటే కలపాలో మళ్లీ మీరే నిర్ణయించాలి. గడి సైజు మారితే ఫలితం కూడా మారుతుంది.

## గడి సైజు: ఇక్కడ కాస్త ఆగాలి

గడులతో నడిచే ఏ పద్ధతికైనా ఇది ప్రాణం. మన అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే ఉత్తర దక్షిణాలుగా దాదాపు 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా దాదాపు 105. ప్రపంచ స్థాయి పేపర్లలో ఒక డిగ్రీ గడులు మామూలే. అదే ఇక్కడ వేయండి. 18-19 అక్షాంశాలు, 83-84 రేఖాంశాల మధ్య గడిలో సాలూరు, పార్వతీపురం, పాలకొండ, విజయనగరం, శ్రీకాకుళం అన్నీ పడతాయి. దాని తూర్పు గడిలో మహేంద్రగిరి శిఖరం, మందస, సోంపేట, బారువ తీరం, నౌపడ ఉప్పు మడులు. దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉండే పురుగుకూ, ఇసుకలో తిరిగే పురుగుకూ ఒకే 1. ఈ పట్టికతో ఏ పద్ధతి నడిపినా తేలేది శూన్యం.

పావు డిగ్రీ అంటే సుమారు 27 కిలోమీటర్లు, కాస్త నయం. పదో వంతు డిగ్రీ అంటే 11 కిలోమీటర్లు, కొండకు తగినది కానీ సగం గడులు ఖాళీ. పైగా మహేంద్రగిరి శిఖరం 19 డిగ్రీల గీతకు కాస్త కిందే ఉంది. గుండ్రని అంకెల మీద గడులు గీస్తే కొండ దక్షిణ వాలు ఒక గడిలో, ఉత్తర వాలు ఇంకో గడిలో పడి, ఒకే కొండ మీద ఉన్న జాతి రెండు గడుల జాతిగా కనిపిస్తుంది. అందుకే కనీసం మూడు సైజుల్లో నడపండి. ఒక్కో సైజులో గడుల మొదలును సగం గడి జరిపి మళ్లీ నడపండి. అన్నిట్లోనూ నిలిచిన ప్రాంతాన్నే రిపోర్టులో ధైర్యంగా రాయండి.

## జీఐఈ: గడులే వద్దనుకుంటే

2015లో బ్రెజిల్ పరిశోధకులు ఉబిరజారా ఒలివేరా, ఆంటోనియో బ్రెస్కోవిట్, అదాల్బెర్టో సాంతోస్ ఈ దారి (జియోగ్రాఫికల్ ఇంటర్‌పొలేషన్ ఆఫ్ ఎండెమిజం) చూపించారు. ప్రతి జాతి రికార్డుల మధ్యబిందువు తీస్తారు. అక్కడి నుంచి అన్నిటికంటే దూరపు రికార్డు దాకా ఉన్న దూరాన్ని ఆ జాతి ప్రభావ పరిధిగా తీసుకుంటారు. అలాంటి పరిధులు ఎక్కడెక్కడ ఒకదాని మీద ఒకటి దట్టంగా పడతాయో కెర్నల్ ఇంటర్‌పొలేషన్ అనే గణాంక పద్ధతితో చూస్తారు. బ్రెజిల్ సాలీళ్ల మీద నడిపితే 101 ప్రాంతాలు తేలాయి. హద్దులు గీతల్లా కాకుండా క్రమంగా పలచబడతాయి, ప్రకృతిలో ఉండేది కూడా అలాగే కదా.

గడి సైజు గొడవ పోతుంది, ఇది పెద్ద ఊరట. కానీ కొత్త గొడవ వస్తుంది. ఒక పురుగు మహేంద్రగిరి మీదా, అనంతగిరి కొండల మీదా దొరికిందనుకోండి. మధ్యబిందువు దాదాపు పాలకొండ దగ్గర పడుతుంది, ఆ పురుగు అక్కడ ఒక్కటీ లేకపోయినా. తెగిన కొండ వరసల్లో, తీరానికి సమాంతరంగా సాగే వ్యాప్తుల్లో ఇది తరచూ ఎదురవుతుంది. ఒకే పాయింటు ఉన్న జాతికైతే దూరం సున్నా, అది లెక్కకు సాయం చేయదు. కాబట్టి జీఐఈని మొదటి పద్ధతిగా కంటే, ఎన్‌డీఎం ఇచ్చిన ప్రాంతం గడుల వల్లే పుట్టిందా అని చూసే తనిఖీగా వాడితే ఎక్కువ లాభం.

## మిగిలిన మూడు, క్లుప్తంగా

బయోటిక్ ఎలిమెంట్ అనాలిసిస్ గడులను కాకుండా జాతులను గుంపులు చేస్తుంది. బెర్న్‌హార్డ్ హౌస్‌డోర్ఫ్, క్రిస్టియన్ హెన్నిగ్ 2003లో రూపొందించారు, ఆర్‌లో ప్రాబ్‌క్లస్ ప్యాకేజీ ఉంది. గొప్ప విషయం ఏమిటంటే, జాతుల వ్యాప్తులు నిజంగా గుంపులుగా ఉన్నాయా, లేక యాదృచ్ఛికంగా అలా కనిపిస్తున్నాయా అని ముందే పరీక్షిస్తుంది. పైన చెప్పినవాటిలో ఇలాంటి పరీక్ష లోపలే ఉన్నది ఏదీ లేదు. ఏ గుంపుకూ చెందని జాతులను నాయిస్ అని పక్కన పెడుతుంది. పలచటి డేటాలో సగం జాతులు అందులోకే పోవచ్చు. ఫలితం ప్రాంతం హద్దు కాదు, కలిసి తిరిగే జాతుల జాబితా.

ఇన్ఫోమ్యాప్ బయోరీజియన్స్ 2017లో వచ్చింది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. రికార్డుల ఫైలు వేస్తే, ఎక్కువ రికార్డులున్న చోట చిన్న గడులు, తక్కువ ఉన్న చోట పెద్ద గడులు తనే వేసుకుంటుంది. రంగులు అందంగా వస్తాయి, ప్రతి ప్రాంతానికీ సూచిక జాతుల జాబితా కూడా ఇస్తుంది. కానీ ఇది జీవభౌగోళిక మండలాలను విడదీస్తుంది. ప్రతి గడీ ఏదో ఒక మండలంలో పడి తీరాలి. ఎండెమిక్ ప్రాంతం అలా కాదు, మ్యాపులో ఎక్కువ భాగం ఏ ఎండెమిక్ ప్రాంతంలోనూ లేకపోవచ్చు. మొదటి చూపుకు బాగుంటుంది, థీసిస్‌లో చివరి మాటగా పనికిరాదు.

వెయిటెడ్ ఎండెమిజం అన్నిటికంటే సులువు. నాలుగు గడుల్లో ఉన్న జాతికి ఒక్కో గడిలో 0.25, ఒకే గడిలో ఉన్నదానికి 1. గడిలోని జాతుల మార్కులన్నీ కూడితే సరి. దాన్ని జాతుల సంఖ్యతో భాగిస్తే సవరించిన రూపం వస్తుంది. బయోడైవర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎక్సెల్‌లోనూ చేయొచ్చు. అటవీశాఖకు ఏ గడి విలువైనదో చెప్పడానికి సరిపోతుంది. ప్రమాదం ఏమిటంటే, ఒక్కసారే దొరికిన ప్రతి జాతీ పూర్తి 1 తెస్తుంది. ఎక్కువ రాత్రులు లైటు ట్రాప్ పెట్టిన గడే హీరో అయిపోతుంది. హద్దులు కలుస్తున్నాయా అన్న ప్రశ్న ఇది అసలు అడగదు.

| పద్ధతి | గడులు కావాలా | ఒకదాని మీదికి ఒకటి వచ్చే ప్రాంతాలు | ఖాళీ గడుల పట్ల | పలచటి కీటక డేటాకు |
|---|---|---|---|---|
| పీఏఈ | కావాలి | ఒప్పుకోదు | సున్నాను నమ్ముతుంది | బలహీనం |
| ఎన్‌డీఎం | కావాలి | ఒప్పుకుంటుంది | ఊహించి నింపే వీలుంది | బాగుంది, జాగ్రత్తతో |
| జీఐఈ | అక్కర్లేదు | ఒప్పుకుంటుంది | పాయింట్లే చూస్తుంది | తనిఖీగా బాగుంది |
| బయోటిక్ ఎలిమెంట్స్ | కావాలి | గుంపుల వ్యాప్తులు కలవొచ్చు | సున్నాను నమ్ముతుంది | నాయిస్ ఎక్కువ |
| ఇన్ఫోమ్యాప్ | తనే వేసుకుంటుంది | ఒప్పుకోదు | పెద్ద గడిలో కలిపేస్తుంది | మొదటి చూపుకు |
| వెయిటెడ్ ఎండెమిజం | కావాలి | వర్తించదు | సున్నాను నమ్ముతుంది | వెతికిన శ్రమనే చూపించవచ్చు |

2012లో కల్పిత వ్యాప్తులతో పీఏఈ, బయోటిక్ ఎలిమెంట్స్, ఎన్‌డీఎం మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ముఖ్యంగా ప్రాంతాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చినప్పుడు ఎన్‌డీఎంకే మెరుగైన ఫలితాలు వచ్చాయి. నా మొగ్గు కూడా అటే, కారణం పైన చెప్పిన పాలకొండ గడి.

## పద్ధతి కంటే ముందు లేబుళ్లు

మ్యూజియం రికార్డులు, జీబీఐఎఫ్ (ప్రపంచవ్యాప్త జీవజాతుల రికార్డుల ఆన్‌లైన్ డేటాబేస్) నుంచి దింపుకున్న రికార్డులు వాడేవాళ్లు దీన్ని దాటేయొద్దు. లేబుల్ మీద జిల్లా పేరే ఉందనుకోండి. 1936 దాకా శ్రీకాకుళం వైపు ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి, ఊరి పేరు "చికాకోల్" అని కనిపిస్తుంది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాయి. సాలూరులో పట్టిన పురుగు సంవత్సరాన్ని బట్టి విశాఖపట్నం, శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల్లో దేని పేరు మీదైనా ఉండొచ్చు. "శ్రీకాకుళం జిల్లా, 1965" అన్న రికార్డును ఎవరో శ్రీకాకుళం టౌను మీద పాయింటుగా పెట్టేసి ఉంటే, కొండ పురుగు మైదానానికి దిగిపోయినట్టే. ఖచ్చితత్వం ఎన్ని కిలోమీటర్లో రాయని పాయింట్లను, జిల్లా మధ్యలో కుప్పగా పడ్డ పాయింట్లను తీసేయండి. డేటా సగానికి తగ్గినా పర్వాలేదు.

పట్టిన చోటు ఖచ్చితంగా ఉన్నా మోసం జరగొచ్చు. కీటకం కాదు కానీ మన రాష్ట్రపు నీలి సాలీడు గుత్తి టరాంటులా కథ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. 1899లో దాన్ని వర్ణించినప్పుడు నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని తర్వాత తేలింది. అడవిలో మళ్లీ కనిపించింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య, గుత్తికి చాలా దూరాన. ఆ ఒక్క పాయింటుతో ఎండెమిక్ ప్రాంతం గీస్తే గుత్తి చుట్టూ గీయాలి.

ఇంకో సంగతి, ఇక్కడి రికార్డులు చాలావరకు రోడ్ల వెంట ఉంటాయి. సీతంపేట ఘాట్, సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే దారి, ఎస్.కోట నుంచి అరకు వెళ్లే దారి. ఫలితం మ్యాపు మీద రోడ్ల మ్యాపు వేసి చూడండి. రెండూ ఒకేలా ఉంటే మీరు కనిపెట్టింది ఎండెమిక్ ప్రాంతం కాదు, బస్సు రూటు.

అలాగే అధ్యయన ప్రాంతాన్ని జిల్లా గీత దగ్గర కోయొద్దు. మహేంద్రగిరి శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, దాని పాదాలు మందస వైపు. మన వైపు రికార్డులే తీసుకుంటే, కోరాపుట్‌లో విస్తారంగా ఉన్న జాతి కూడా సాలూరుకే పరిమితమైనట్టు కనిపిస్తుంది. కనీసం గోదావరి నుంచి మహానది దాకా ఉన్న కొండల రికార్డులన్నీ షీటులోకి రావాలి. ఇది ఏ పద్ధతి ఎంచుకున్నా తప్పని షరతు.

## ఎవరికి ఏది

నాలుగు నెలల్లో పీజీ డిసర్టేషన్ ఇవ్వాల్సిన విద్యార్థికి: కొత్తగా ఫీల్డుకు వెళ్లి డేటా తెచ్చే సమయం లేదు కాబట్టి ఉన్న రికార్డులను శుభ్రం చేయడానికే సగం సమయం పెట్టండి. పావు డిగ్రీ గడులతో ఎన్‌డీఎం, పక్కన పోలికకు పీఏఈ. రెండింటిలోనూ వచ్చిన ప్రాంతాలు ఒక పట్టిక, ఒకదానిలోనే వచ్చినవి ఇంకో పట్టిక. వైవాలో అడిగేది ఆ రెండో పట్టిక గురించే, ఎందుకు తేడా వచ్చిందో చెప్పగలిగితే గట్టెక్కినట్టే.

పిల్లలతో సీతాకోకచిలుకలు లెక్కపెట్టించే లెక్చరర్‌కు: ఎండెమిక్ ప్రాంతం అన్న మాట రిపోర్టులో వాడకపోవడమే మంచిది. సీతాకోకచిలుకల్లో చాలా జాతులు బాగా ఎగురుతాయి. బ్లూ టైగర్లు గుంపులుగా వలస పోతాయి, తూనీగల్లో గ్లోబ్ స్కిమ్మర్ సముద్రాలే దాటుతుంది. వీటితో హద్దులు తేలవు. ఇన్ఫోమ్యాప్‌లో వేసి కొండ, మైదానం, తీరం ఎలా విడిపోతున్నాయో చూపిస్తే క్లాసుకు చాలా బాగుంటుంది.

కొండను క్వారీ నుంచో, ఇంకో ప్రాజెక్టు నుంచో కాపాడాలని వాదించే సంస్థకు: అధికారులకు హద్దున్న మ్యాపు, జాతుల పేర్లు కావాలి. సవరించిన వెయిటెడ్ ఎండెమిజంతో గడుల వరస తయారు చేసి, మొదటి గడులను ఎన్‌డీఎంతో రుజువు చేయండి. వెయిటెడ్ ఎండెమిజం ఒక్కటే పట్టుకెళ్తే, అవతలి నిపుణుడు "మీరు ఎక్కువ వెతికింది అక్కడే కదా" అంటాడు. అప్పుడు జవాబుండదు. ఎక్కడెక్కడ ఎన్ని గంటలు వెతికారో పక్కనే చూపించండి.

పేడపురుగులు, రెక్కల్లేని నేల పురుగులు, కర్రపురుగుల మీద ఏళ్లుగా పనిచేస్తున్న పరిశోధకుడికి: మీ డేటాయే ఈ పనికి సరైనది. దూరం కదలలేని పురుగులకే లోయలు అడ్డుగోడలవుతాయి. మూడు గడి సైజుల్లో ఎన్‌డీఎం, జీఐఈతో తనిఖీ, పైన బయోటిక్ ఎలిమెంట్స్ పరీక్ష. మూడూ ఒక్కచోటికి వస్తే, ఆ తర్వాత డీఎన్‌ఏతో చూడాల్సిన ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: వంశధార లోయకు రెండు పక్కలా ఉన్నవి సోదర జాతులేనా, అంటే ఒకే పూర్వీక జాతి నుంచి విడిపోయినవేనా?

ఇంకా షీటు ఖాళీగా ఉన్నవాళ్లకు: సాఫ్ట్‌వేర్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఎగరని, లేదా తక్కువ దూరం ఎగిరే ఒక్క గుంపును ఎంచుకోండి. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని కీటకాలకూ వర్తిస్తుంది. రోడ్డు పక్క ఒక చోటు ఎంచుకుంటే, రోడ్డుకు దూరంగా అదే ఎత్తులో ఇంకో చోటు ఎంచుకోండి, రెండుచోట్లా అంతే సమయం వెతకండి. తొలకరి తర్వాత ఒకసారి, వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి అదే చోటికి వెళ్లండి. ట్రాప్ పెట్టినా ఏ పురుగూ పడని రాత్రి ఉంటే ఆ చోటు, తేదీ, ఎన్ని గంటలు పెట్టారో అదే షీటులో ఒక వరసగా రాయండి. తర్వాత ఎన్‌డీఎంలో ఏ ఖాళీ గడిని నింపొచ్చో, దేన్ని ఖాళీగానే వదలాలో ఆ వరసలే చెబుతాయి.